క్రూయిజ్ ఓడలో సెల్‌ఫోన్: అనుకోని బిల్లు రాకుండా ఏం చేయాలి

సియాటిల్‌లోని పియర్ 91 నుంచి సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో అలాస్కా ఓడ కదిలితే, రాత్రి భోజనాలు ముగించి జనం డెక్ మీదికి వచ్చే వేళకు అది హువాన్ డి ఫూకా జలసంధిలో ఉంటుంది. ఎడమ చేతి వైపు వాషింగ్టన్ రాష్ట్రపు కొండలు, కుడి చేతి వైపు కెనడాకు చెందిన వాంకూవర్ ద్వీపం కనబడుతుంటాయి. సరిగ్గా అప్పుడే జేబుల్లోని ఫోన్లు ఒకదాని తరువాత ఒకటి మోగి, కెనడాకు స్వాగతం అంటూ సందేశాలు వస్తాయి. కెనడా నేల మీద ఇంకా ఎవరూ కాలు పెట్టలేదు. అవతలి ఒడ్డున ఉన్న టవర్ ఇవతలి ఒడ్డు టవర్ కన్నా బలంగా అందింది, అంతే. మరికొంత దూరం పోయాక ఆ టవరూ అందకుండా పోయి, ఫోన్‌లో ఇంకో పేరు ప్రత్యక్షమవుతుంది. చాలా ఫోన్లలో అది 'సెల్యులర్ ఎట్ సీ' అనో, ఉత్త అంకెల్లో '901 18' అనో కనబడుతుంది. భయపడవలసింది కెనడా సందేశానికి కాదు, ఈ పేరుకు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకున్నప్పుడు ఏడు రాత్రుల అలాస్కా ప్రయాణం పెట్టుకోవడం బాగా అలవాటైంది. అలాంటి కుటుంబంలో ఫోన్లు రెండు రకాలుగా ఉంటాయి: పిల్లల చేతిలో అమెరికా నెలవారీ ప్లాన్‌లవి, పెద్దల చేతిలో ఓటీపీల కోసం బతికించి ఉంచిన భారతీయ సిమ్‌తో నడిచేవి. ఈ రెండింటికీ జాగ్రత్తలు కొంత వేరుగా ఉంటాయి కాబట్టి, ఆ ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తున్నాను.

ఓడలో టవర్ ఎక్కడిది?

పెద్ద క్రూయిజ్ ఓడల్లో అంతస్తు అంతస్తుకూ చిన్న చిన్న సెల్ యాంటెనాలు అమర్చి ఉంటాయి. అవి అందుకున్న కాల్‌ను, సందేశాన్ని, డేటాను ఓడ పైభాగాన ఉండే గుండ్రటి డోముల్లోని యాంటెనాలు ఉపగ్రహానికి పంపుతాయి. అక్కడి నుంచి అది నేల మీది నెట్‌వర్క్‌కు చేరుతుంది. ఈ సేవను నడిపేది మీ ఫోన్ కంపెనీ కాదు, ఓడ కంపెనీ కూడా కాదు. వైర్‌లెస్ మారిటైమ్ సర్వీసెస్, టెలినార్ మారిటైమ్ వంటి సంస్థలు దీనికోసమే ఉన్నాయి. ఒక్కో దేశపు మొబైల్ నెట్‌వర్క్‌కు ఒక సంకేత సంఖ్య ఉంటుంది; భారతదేశానికి 404, 405 అయితే అమెరికాకు 310 మొదలైనవి. ఓడ నెట్‌వర్క్‌లకు ఇచ్చిన 901 ఏ దేశానికీ చెందదు. అందుచేత 'వంద దేశాల్లో రోమింగ్ ఉచితం' అన్న ప్లాన్ మీ దగ్గర ఉన్నా, ఓడ ఆ వందలో లేదు. దేశం పేరు చూసి ప్యాక్ కొన్నవారు మోసపోయేది ఇక్కడే.

తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల, అంటే సుమారు 22 కిలోమీటర్ల లోపల, ఈ నెట్‌వర్క్‌ను సాధారణంగా ఆపి ఉంచుతారు. ఆ పరిధి దాటగానే మళ్ళీ నడుస్తుంది. గంటకు 20 నాటికల్ మైళ్ళు పోయే ఓడకు ఈ దూరం దాటడానికి 36 నిమిషాలు చాలు. అయితే దీన్ని గీత గీసినట్టు నమ్ముకోవద్దు. అలాస్కా దారి పొడవునా కొండలు చేతికందేంత దగ్గరగా కనబడతాయి గాని వాటి మీద టవర్లు ఉండవు. గ్లేసియర్ బేలో రోజంతా తిరిగినా చుట్టూ మంచూ రాయీ తప్ప ఊరు లేదు. ఒడ్డు కనబడుతోంది కదా, ఈ సిగ్నల్ ఒడ్డుదే అయి ఉంటుందనుకోవడం పొరపాటు. నెట్‌వర్క్ పేరు చదివితేనే నిజం తెలుస్తుంది.

బయలుదేరే ముందు

ముందు మీ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో క్రూయిజ్ ఓడలకు ప్రత్యేకంగా రాసి ఉన్న పేజీని చూడండి. దేశాల జాబితా పేజీని కాదు. అక్కడ ఓడ పేరు, ఓడ కంపెనీ పేరు రెండూ సరిచూసుకోవాలి, ఎందుకంటే కొన్ని కంపెనీలు రోజువారీ రుసుముతో ఓడ ప్యాక్ అమ్మినా అది అన్ని ఓడలకూ వర్తించదు. ప్యాక్ లేకపోతే ధర నిమిషానికి, మెగాబైట్‌కు లెక్క కడతారు. ఉదాహరణకు మెగాబైట్‌కు 2 డాలర్ల చొప్పున లెక్కేస్తే, 5 మెగాబైట్ల ఫొటో ఒక్కటి వాట్సాప్‌లో పంపినందుకు 10 డాలర్లు, ఒక గిగాబైట్‌కు రెండు వేల డాలర్ల పైమాటే. ఇంట్లో పడుకుని వైఫై మీద అరగంటలో అంత డేటా వాడేస్తాం.

పెద్దల భారతీయ సిమ్ సంగతి వేరు. ప్రీపెయిడ్ అయితే నష్టానికి ఒక హద్దు ఉంటుంది, బ్యాలెన్స్ అయిపోతే ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్ అయితే హద్దు ఉండదనే అనుకుని మెలగాలి. అలాస్కాకు బయలుదేరేముందే ఆ సిమ్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఉంటే తీసేయండి. ##002# అని డయల్ చేస్తే అన్ని రకాల ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. రోమింగ్‌లో ఉన్న ఫోన్‌కు వచ్చిన కాల్ ఎత్తకపోయినా, అది తిరిగి వాయిస్‌మెయిల్‌కో ఇంకో నంబరుకో మళ్ళితే కొన్ని ప్లాన్‌లలో రుసుము పడుతుంది; మోగి ఊరుకున్న ఫోన్‌కు డబ్బు కట్టడం కన్నా చిరాకు ఇంకోటి లేదు.

తరువాత ఫోన్‌లో అవసరమైనవన్నీ ముందే దింపుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో జూనో, స్కాగ్వే, కెచికాన్, విక్టోరియా ఊళ్ళ ఆఫ్‌లైన్ మ్యాపులు, ఓడ టికెట్లు, పాస్‌పోర్టు నకళ్ళు, అమ్మా నాన్నలకు రాత్రి చూసుకోవడానికి రెండు మూడు సినిమాలు. ఓడ కంపెనీ యాప్‌ను కూడా ఇంట్లోనే వేసుకుని, ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. ఓడ ఎక్కిన తరువాత యాప్ స్టోర్‌లోకి వెళ్ళాలంటే ఇంటర్నెట్ కొనాల్సిన పరిస్థితి రావచ్చు.

ఫోన్‌లో మార్చవలసినవి

చాలామంది డేటా రోమింగ్ ఆపేసి, ఇక గండం గడిచిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా నాన్నగారి ఫోన్‌లో ఆయన గుంటూరు నంబరు పోస్ట్‌పెయిడ్. డేటా రోమింగ్ నేనే స్వయంగా ఆపి ఇచ్చాను. కెచికాన్‌లో దిగినప్పుడు బ్యాంకు ఓటీపీ కోసం ఫ్లైట్ మోడ్ తీశాం. అక్కడ ఎప్పుడూ కురిసే వానే ఆ రోజూ కురిసింది. తడిసిన రెయిన్‌కోటును క్యాబిన్ తలుపు వెనక తగిలించారు, ఫోన్ దాని జేబులోనే ఉండిపోయింది. రాత్రి పదకొండు గంటలకు అది మోగింది. గుంటూరులో అప్పటికి మరుసటి మధ్యాహ్నం పన్నెండున్నర, ఒక పెళ్ళి ముహూర్తం సంగతి చెప్పడానికి మా మేనమామ చేశారు. నాన్నగారు నిద్రలోంచి లేచి, చీకట్లో కోటు తడిమి, ఫోన్ ఎత్తి పదకొండు నిమిషాలు మాట్లాడారు. ఆ ఒక్క ఇన్‌కమింగ్ కాల్‌కు బిల్లులో నాలుగు వేల రూపాయల పైన పడింది. డేటా ఒక్క కిలోబైటు కూడా ఖర్చు కాలేదు.

డేటా రోమింగ్ మీట డేటాను మాత్రమే ఆపుతుంది. కాల్స్, ఎస్ఎంఎస్‌లు దాని మాట వినవు. వాటన్నిటినీ ఒకేసారి ఆపేది ఫ్లైట్ మోడ్ ఒక్కటే. అది వేసిన తరువాత వైఫైను విడిగా ఆన్ చేసుకోవచ్చు, బ్లూటూత్‌నూ అంతే. ఓడలో ఉన్నంతసేపూ ఫోన్ ఈ స్థితిలోనే ఉండాలి: ఫ్లైట్ మోడ్ ఆన్, వైఫై ఆన్.

అయినా డేటా రోమింగ్ కూడా ఆపి ఉంచడం మంచిది, ఎవరైనా పొరపాటున ఫ్లైట్ మోడ్ తీసినా పెద్ద దెబ్బ తగలకుండా. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని 'సెల్యులర్'లోకి వెళ్ళి డేటా రోమింగ్ ఆపాలి. రెండు సిమ్‌లు ఉంటే ఒక్కోదానికి ఈ మీట విడివిడిగా ఉంటుంది, ఒకటి ఆపితే రెండోది ఆగదు. రెండు సిమ్‌లవారు 'అలౌ సెల్యులర్ డేటా స్విచింగ్'ను కూడా ఆపాలి, లేకపోతే ఒక సిమ్‌లో సిగ్నల్ లేదని ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారిపోతుంది. అదే పేజీలో కిందికి పోతే 'వైఫై అసిస్ట్' ఉంటుంది. వైఫై నెమ్మదించినప్పుడు సెల్ డేటా వాడుకోవడం దాని పని. ఓడ వైఫై తరచు నెమ్మదిస్తుంది కాబట్టి దీన్ని తప్పక ఆపాలి. సామ్‌సంగ్ ఫోన్లలో డేటా రోమింగ్ మీట 'కనెక్షన్స్'లోని 'మొబైల్ నెట్‌వర్క్స్' కింద ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' కింద రోమింగ్‌లో ఉన్నప్పుడు ఏవేవి వాటంతట అవే డౌన్‌లోడ్ కావాలో అడిగే వరుస ఉంటుంది; అక్కడ అన్ని టిక్కులూ తీసేయండి. కుటుంబ గ్రూపులో వచ్చే శుభోదయం వీడియోలకు సముద్రం మీద డాలర్లు పోయనక్కరలేదు.

ఐఫోన్‌లోని ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌లది ఒక వింత. సిమ్ మార్చినప్పుడో, వాటిని ఆపి మళ్ళీ వేసినప్పుడో నంబరును ధ్రువపరచుకోవడానికి ఫోన్ గుట్టుగా ఒక అంతర్జాతీయ ఎస్ఎంఎస్ పంపుతుంది. భారతదేశంలో బ్యాలెన్స్‌లోంచి కొన్ని రూపాయలు మాయమైతే దానికి కారణం తరచు ఇదే. రోమింగ్‌లో అదే సందేశానికి ఇంకా ఎక్కువ పడవచ్చు కనుక, సిమ్‌లు మార్చే పనులు ఓడలో పెట్టుకోవద్దు.

చేతి గడియారాన్ని మరచిపోకండి. సెల్ కనెక్షన్ ఉన్న స్మార్ట్ వాచీ ఫోన్‌తో సంబంధం లేకుండా స్వయంగా నెట్‌వర్క్ వెతుక్కోగలదు. సిమ్ ఉన్న ట్యాబ్లెట్ కూడా అంతే. ఫోన్‌కు చేసిన ఏర్పాట్లన్నీ వాటికీ చేయాలి.

రేవుల్లో, రేవు విడిచేటప్పుడు

జూనో, స్కాగ్వే, కెచికాన్ మూడూ అమెరికా ఊళ్ళే కాబట్టి అమెరికా ప్లాన్ అక్కడ సొంత ప్లాన్‌లాగే పనిచేస్తుంది. కాకపోతే స్కాగ్వే వంటి చిన్న ఊళ్ళో నాలుగు ఓడల జనం ఒక్కసారిగా దిగినప్పుడు నెట్ పాకుతుంది. వీడియో కాల్‌లో మంచు కొండ చూపించాలన్న ఉబలాటాన్ని కాస్త తగ్గించుకోవాలి. విక్టోరియా మాత్రం కెనడా. విదేశీ జెండాతో నడిచే ఓడ సియాటిల్‌లో ఎక్కించుకున్నవారిని అలాస్కా తిప్పి మళ్ళీ సియాటిల్‌లోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి. 1886 నాటి అమెరికా చట్టం అలా చెబుతుంది. చివరి సాయంత్రం అందరూ విక్టోరియాలో దిగేది అందుకే. చాలా అమెరికా ప్లాన్‌లలో కెనడా కలిసే ఉంటుంది గాని, చవక ప్రీపెయిడ్ ప్లాన్‌లు తీసుకున్నవారు ముందే చూసుకోవాలి.

ఓటీపీలు, బ్యాంకు పనులు, భారతదేశానికి మాటలు ఇవన్నీ రేవులోనే ముగించుకోవడం ఉత్తమం. భారతదేశం అలాస్కా కన్నా వేసవిలో పదమూడున్నర గంటలు ముందుంటుంది. జూనోలో ఉదయం తొమ్మిదైతే హైదరాబాదులో రాత్రి పదిన్నర. కనుక ఓడ దిగగానే ముందు ఇంటికి మాట్లాడి, ఆ తరువాత ఊరు చూడడానికి వెళ్ళండి. మధ్యాహ్నం మాట్లాడదాంలే అనుకుంటే హైదరాబాదులో అందరూ నిద్రపోతుంటారు, వారు లేచే వేళకు ఓడ కదిలిపోవచ్చు.

నా అనుభవంలో నడి సముద్రంలో కన్నా ఓడలోకి తిరిగి వచ్చిన తొలి గంటలోనే పొరపాట్లు ఎక్కువ. రోజంతా ఫోన్ మామూలుగా వాడి, అలసి వచ్చి, సంచులు పడేసి భోజనానికి పరుగెత్తుతారు. ఫ్లైట్ మోడ్ ఎవరికీ గుర్తుండదు. దీనికి మేం కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. ఓడ ద్వారం దగ్గర కార్డు చూపించి 'టింగ్' మన్న శబ్దం విన్న వెంటనే, లిఫ్టు దాకా పోకుండా అక్కడే ఒక పక్కన నిలబడి, కుటుంబంలో అందరి ఫోన్లూ ఒకరు చేతిలోకి తీసుకుని ఫ్లైట్ మోడ్ వేస్తారు. పెద్దలకు వారి పని వారికే వదిలితే మొహమాటానికి వేశామంటారు, వేసి ఉండరు.

ఓడ వైఫై, ఓడ లోపలి మాటలు

ఓడ వైఫైకీ ఇంటర్నెట్‌కూ తేడా తెలుసుకోవాలి. ఓడ వైఫైకి కనెక్ట్ కావడానికి డబ్బు అక్కరలేదు. ఓడ యాప్‌లో కార్యక్రమాల పట్టిక, భోజనశాలల వేళలు, మీ ఖాతా లెక్క అలా ఉచితంగానే చూడవచ్చు. దాని మీద నుంచి బయటి ఇంటర్నెట్‌కు పోవాలంటేనే ప్యాకేజీ కొనాలి. 2022లో రాయల్ కరీబియన్ స్టార్‌లింక్‌కు మారడం మొదలుపెట్టాక మిగిలిన కంపెనీలూ అదే బాట పట్టాయి కాబట్టి, వేగం పాత రోజుల కన్నా బాగానే ఉంటుంది. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో కొంటే ఓడలో కొన్నదాని కన్నా చవకగా రావడం మామూలు.

ప్యాకేజీ ధర పరికరానికి ఇంత అని ఉంటుంది. ఐదుగురికి ఐదు కొనడం నాకు వృథా అనిపిస్తుంది. ఒక పరికరం ప్యాకేజీ తీసుకుంటే చాలా ఓడల్లో ఒకరు లాగౌట్ అయ్యాక ఇంకొకరు లాగిన్ కావచ్చు. లాగౌట్ చేయకుండా ఊరికే వైఫై ఆపేస్తే రెండో ఫోన్‌ను అది లోపలికి రానివ్వదు, అప్పుడు కంగారులో మరో ప్యాకేజీ కొనేసేవారు ఉన్నారు. చవక ప్యాకేజీలో వీడియో కాల్స్ ఉండకపోవచ్చు. మనవడిని చూపించడమే ముఖ్యమనుకుంటే ఆ మాట కొనేముందే చదువుకోవాలి.

అమెరికా నంబరుకు వైఫై కాలింగ్ ఉంటే, ఓడ ఇంటర్నెట్ ప్యాకేజీ మీద అమెరికా నంబర్లకు చేసే కాల్స్ పెద్ద కంపెనీల దగ్గర దేశీయ కాల్‌గానే లెక్కకు వస్తాయి. ఇండియా నంబర్లకు చేస్తే మాత్రం అంతర్జాతీయ ధర పడుతుంది, కాబట్టి వాట్సాపే నయం. వైఫై కాలింగ్ వాడేటప్పుడూ ఫ్లైట్ మోడ్ తీయకూడదు. తీస్తే కాల్ మధ్యలో వైఫై బలహీనపడినప్పుడు ఫోన్ ఓడ టవర్ మీదికి దూకే ప్రమాదం ఉంది.

ఇక ఓడ లోపల ఒకరినొకరు వెతుక్కోవడం. క్యాబిన్ ఫోన్ నుంచి ఇంకో క్యాబిన్‌కు చేయడం ఉచితం. అదే ఫోన్ నుంచి ఒడ్డుకు చేస్తే ఉపగ్రహ ధర పడుతుంది, ఆ తేడా పెద్దలకు చెప్పి ఉంచాలి. ఓడ యాప్‌లో మాట్లాడుకునే చాట్ కొన్ని కంపెనీలు ఉచితంగా ఇస్తాయి, కొన్ని చిన్న రుసుము తీసుకుంటాయి. మా అమ్మకు యాప్ కుదరలేదు. క్యాబిన్ బల్ల మీద ఒక కాగితం పెట్టాం. బయటికి వెళ్ళేవారు డెక్ నంబరు, తిరిగి వచ్చే వేళ రాసి వెళ్ళాలి. వారమంతా ఆ కాగితమే బాగా పనిచేసింది.

ఇతర దారుల్లో వెళ్ళేవారికి

హైదరాబాదు నుంచి సింగపూరు వెళ్ళి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు ఓడ ఎక్కేవారికి కథ ఇంతే, దేశాల పేర్లు మారతాయి. సింగపూరు ప్యాక్ ఒక్కటే కొంటే మలేషియాలోనూ థాయ్‌లాండ్‌లోనూ అది పనిచేయకపోవచ్చు. మూడు దేశాలూ రాసి ఉన్న ప్యాక్ తీసుకోవాలి. సింగపూరు జలసంధి ఇరుకైనది కాబట్టి, దిగని ఇండోనేషియాకు చెందిన బాతాం దీవి టవర్ కూడా ఫోన్‌కు అందవచ్చు. విశాఖ, చెన్నై వంటి మన రేవుల మధ్య తిరిగే ఓడల్లో కూడా, రెండు కొసలూ భారతదేశంలోనే ఉన్నంత మాత్రాన నడి సముద్రంలో కనబడే ఓడ నెట్‌వర్క్ భారతీయమైపోదు. యూరప్‌లో ఉండేవారికి 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా సొంత ధరకే ఫోన్ వాడుకునే వీలుంది గాని, అది నేల మీది నెట్‌వర్క్‌లకే. ఓడ ఉపగ్రహ నెట్‌వర్క్‌కు వర్తించదు. ఆ బిల్లు 50 యూరోలకు చేరగానే సేవ ఆపాలన్న నియమం అక్కడ ఉండడం కొంత ఊరట.

అయినా బిల్లు వస్తే

ఓడ దిగే ముందు రాత్రే యాప్‌లో మీ ఓడ ఖాతా చూసుకోండి. వైఫై ప్యాకేజీ రెండుసార్లు పడి ఉంటే అతిథి సేవల కౌంటర్ దగ్గర అప్పుడే సరిచేయించుకోవడం తేలిక, ఇంటికి వచ్చాక ఫోన్‌లో వేచి ఉండడం కష్టం. ఫోన్ కంపెనీ బిల్లులో అయితే తేదీ, వేళ, నెట్‌వర్క్ పేరు ఉన్న వివరాల పేజీని అడిగి తీసుకుని, ఆ సమయానికి ఓడ ఎక్కడుందో ప్రయాణ పట్టికతో పోల్చి చూడాలి. ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడు సముద్రపు రుసుము పడితే అది గట్టి వాదన. పొరపాటు మీదే అయినా, మొదటిసారి అని మర్యాదగా అడిగితే కొంత తగ్గించడం నేను చూశాను. అమెరికాలో కంపెనీ వినకపోతే, టెలికాం నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌సీసీకి రుసుమేమీ లేకుండా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దానికి కంపెనీ 30 రోజుల్లో జవాబు చెప్పాలి. భారతీయ నంబరుకు ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి ఆ సంఖ్య రాసి పెట్టుకుని, తృప్తి లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్ళాలి.

ఓడ నెట్‌వర్క్ లెక్కలు మీ కంపెనీకి ఆలస్యంగా చేరతాయి. తిరిగి వచ్చిన నెల బిల్లు మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకుండా, బ్యాంకు ఖాతాలోంచి బిల్లు దానంతట అదే కట్టుకునే ఏర్పాటు ఉన్నవారు ఆ తరువాతి నెల బిల్లును కూడా చెల్లింపు జరగకముందే తెరిచి చూడాలి.